స్పామ్ తగ్గించుకోవడం, ఈమెయిల్ కాపాడుకోవడం: ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది?

ఇన్‌బాక్స్ నిండా చెత్త పేరుకుపోయి విసుగొచ్చినప్పుడే చాలామందికి ఈమెయిల్ భద్రత గుర్తొస్తుంది. ఏదో ఒక స్పామ్ బ్లాకర్ పెట్టుకుని పనైపోయిందనుకుంటారు. నిజానికి ఇవి రెండు వేర్వేరు సమస్యలు. స్పామ్ ఎంత వస్తుందన్నది మీ అడ్రస్ ఎంతమంది చేతుల్లో పడిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఖాతా ఎంత భద్రంగా ఉందన్నది మీరు ఎలా లాగిన్ అవుతున్నారు, పాస్‌వర్డ్ మర్చిపోతే మళ్లీ లోపలికి ఎలా వస్తారు అన్న వాటిని బట్టి ఉంటుంది. రోజూ కుప్పలుగా స్పామ్ వచ్చే ఖాతా పూర్తి భద్రంగా ఉండొచ్చు. ఒక్క స్పామ్ కూడా రాని ఖాతాలో ఎవడో నెలల తరబడి కూర్చుని మీ ఉత్తరాలన్నీ చదువుతూ ఉండొచ్చు.

నా మాట సూటిగా చెబుతాను. మీ దగ్గర ఒక్క గంటే ఉంటే అది భద్రతకే పెట్టండి. స్పామ్ వల్ల కలిగేది చిరాకు. ఖాతా చేజారితే దాని వెనకే బ్యాంకు, షాపింగ్, సోషల్ మీడియా, క్లౌడ్‌లో దాచిన ఫొటోలు అన్నీ చేజారతాయి. ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా?’ అని నొక్కితే ఆ సైట్లన్నీ లింకు పంపేది ఈ ఇన్‌బాక్స్‌కే కదా. అందుకే ముందు తాళం సంగతి చూసి, తర్వాత చెత్త సంగతికి వద్దాం.

పాస్‌వర్డ్ తర్వాత రెండో అంచె: ఎస్ఎంఎస్, యాప్, కీ, పాస్‌కీ

అందరికీ తెలిసింది ఎస్ఎంఎస్‌లో వచ్చే ఓటీపీ. కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు, మామూలు ఫోన్‌లోనూ పనిచేస్తుంది. దాని బలహీనత ఏమిటంటే, ఓటీపీ వచ్చేది మీ చేతిలోని ఫోన్‌కి కాదు, మీ నంబరుకి. దొంగలు టెలికాం కంపెనీని మాయచేసి మీ నంబరు మీద కొత్త సిమ్ తీసుకుంటే ఓటీపీలన్నీ వాళ్లకే పోతాయి. 2019 ఆగస్టులో ట్విట్టర్ అధిపతిగా ఉన్న జాక్ డోర్సీ నంబరునే ఇలా చేజిక్కించుకుని, ఎస్ఎంఎస్ ద్వారా ఆయన ఖాతాలోంచి ట్వీట్లు పెట్టారు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్టీ 2017 నాటి మార్గదర్శకాల్లో ఎస్ఎంఎస్ ఓటీపీని ‘పరిమితంగా వాడాల్సిన’ వాటిలో చేర్చింది. అయినా ఏమీ లేకపోవడం కన్నా ఇది ఎంతో మేలు. వేరే దారి లేనివాళ్లు దీన్ని తీసేయకండి.

అథెంటికేటర్ యాప్ దీనికన్నా ఒక మెట్టు పైన. మొదటిసారి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఒక రహస్య సంఖ్య ఫోన్‌లోనూ సర్వర్‌లోనూ చేరుతుంది. ఆ సంఖ్యనీ అప్పటి సమయాన్నీ కలిపి లెక్కగట్టి, సాధారణంగా 30 సెకన్లకోసారి రెండు వైపులా ఒకే కోడ్ పుట్టిస్తారు. అందుకే దీనికి నెట్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు, సిమ్ మార్చినా ఇబ్బంది లేదు. కానీ దీనికీ ఒక లొసుగు ఉంది. అచ్చం అసలు సైట్‌లాగే కనిపించే నకిలీ పేజీలో మీరు ఆ కోడ్ కొట్టారంటే, అవతలివాడు అదే నిమిషంలో దాన్ని అసలు పేజీలో వాడేస్తాడు. ఈ పని చేసే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్లే ఉన్నాయి.

యాప్‌లలో ఏది మంచిదని అడిగితే, నేను మొదట చూసేది బ్యాకప్. ఫోన్ పోతే కోడ్‌లు ఎలా తిరిగొస్తాయన్నదే అసలు ప్రశ్న. గూగుల్ అథెంటికేటర్‌కి 2023 ఏప్రిల్‌లో గానీ ఖాతాతో సింక్ అయ్యే సదుపాయం రాలేదు. అంతకుముందు ఫోన్ పోగొట్టుకున్నవాళ్లు నానా అవస్థలూ పడ్డారు. ఆండ్రాయిడ్‌లో ఏజిస్ బాగుంటుంది. ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు; పాస్‌వర్డ్‌తో బిగించిన బ్యాకప్ ఫైలు మీ దగ్గరే ఉంటుంది. ఫోనూ కంప్యూటరూ రెండిట్లోనూ కావాలంటే ఎంటే ఆథ్ చూడండి.

మూడోది సెక్యూరిటీ కీ, అంటే యూఎస్‌బీలో పెట్టేదో ఫోన్‌కి తాకించేదో అయిన చిన్న పరికరం. దీని గొప్పతనమంతా ఒక్క విషయంలో ఉంది: ఇది సైట్ అసలు డొమైన్‌ని, అంటే ఇంటర్నెట్‌లో ఆ సైట్‌కున్న పేరుని చూసి డిజిటల్ సంతకం చేస్తుంది. మీరు మోసపోయినా అది మోసపోదు. నకిలీ పేజీకి ఇచ్చిన సంతకం అసలు పేజీలో చెల్లదు. గూగుల్ 2017 మొదట్నుంచి తన 85 వేల మందికి పైగా ఉద్యోగులకి ఈ కీలు తప్పనిసరి చేసింది. ఆ తర్వాత ఒక్క ఉద్యోగి పని ఖాతా కూడా ఫిషింగ్‌కి, అంటే నకిలీ మెయిళ్లు, పేజీలతో వివరాలు లాగే మోసానికి బలికాలేదని 2018లో ప్రకటించింది. ఇబ్బంది ఏమిటంటే కొనుక్కోవాలి, అదీ రెండు కొనాలి. ఒకటి పోతే రెండోది లేనివాడు తన ఖాతా బయటే నిలబడిపోతాడు.

నాలుగోది పాస్‌కీ. అదే సాంకేతికతని మీ ఫోన్‌లోకో ల్యాప్‌టాప్‌లోకో తెచ్చారు. వేలిముద్రో ముఖమో చూపిస్తే చాలు, పాస్‌వర్డే అక్కర్లేదు. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ 2022 మేలో కలిసి దీనికి మద్దతు ప్రకటించాయి. గూగుల్ ఖాతాల్లోకి 2023లో వచ్చింది. నకిలీ పేజీల విషయంలో సెక్యూరిటీ కీకి ఉన్న బలమే దీనికీ ఉంది, డబ్బు ఖర్చు లేదు. చిక్కల్లా ఇది సాధారణంగా ఆపిల్ లేదా గూగుల్ ఖాతా ద్వారా సింక్ అవుతుంది కాబట్టి, ఆ ఖాతానే పోతే కష్టం.

వీటి మధ్య ఎంపిక నా లెక్కలో ఇలా ఉంటుంది. స్మార్ట్‌ఫోన్ వాడే మామూలు మనిషికి పాస్‌కీ, దానికి తోడుగా అథెంటికేటర్ యాప్, ఇంకా కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకున్న బ్యాకప్ కోడ్‌లు (ఫోన్ చేతిలో లేనప్పుడు వాడుకోవడానికి సేవ ముందే ఇచ్చేవి). విలేకరులు, లాయర్లు, కంపెనీలో అడ్మిన్ అధికారాలున్నవాళ్లు, ఎన్నికల్లో పనిచేసేవాళ్లు మాత్రం రెండు సెక్యూరిటీ కీలు కొనుక్కుని, జీమెయిల్ అయితే అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్ అనే గూగుల్ అదనపు రక్షణ ఏర్పాటులో చేరాలి. 2016 మార్చిలో హిల్లరీ క్లింటన్ ప్రచార సారథి జాన్ పొడెస్టాకి వచ్చిన మెయిల్‌లో ఉన్నది ‘మీ పాస్‌వర్డ్ ఎవరికో తెలిసిపోయింది, వెంటనే మార్చుకోండి’ అన్న హెచ్చరిక, దాని కింద ఒక బిట్‌లీ లింకు (అసలు చిరునామా కనపడకుండా కుదించినది). అంతకు మించి ఏ మాయా లేదు. ఆ ఒక్క లింకుతో వేలాది మెయిళ్లు బయటికొచ్చాయి. ఆ ఖాతాకి సెక్యూరిటీ కీ ఉండి ఉంటే, పాస్‌వర్డ్ ఒక్కటే దొరికినవాడు లోపలికి వెళ్లలేకపోయేవాడు.

ఇక్కడ ఎక్కువమంది చూడని ఒక విషయం ఉంది. పాస్‌కీ పెట్టుకున్నాక కూడా ‘వేరే పద్ధతిలో ప్రయత్నించండి’ అన్న చోట ఎస్ఎంఎస్ మిగిలే ఉంటే, దొంగ ఆ దారినే వస్తాడు. ఖాతా బలం దానికున్న అన్నిటికన్నా బలహీనమైన దారి ఎంతో అంతే. ఎస్ఎంఎస్ తీసేయగలిగితే తీసేయండి, అయితే అంతకు ముందే బ్యాకప్ కోడ్‌లు చేతిలో ఉన్నాయో లేదో చూసుకోండి.

వెనక తలుపు: రికవరీ

రికవరీ మెయిల్‌గా ఎప్పుడో కాలేజీ రోజుల్లో తెరిచిన ఖాతా ఇచ్చి ఉంటారు. దాని పాస్‌వర్డ్ ‘123456’ అయి ఉంటుంది, లేదా ఖాతానే మూతపడి ఉంటుంది. యాహూ 2013లో ఏడాదికి పైగా వాడని ఐడీలని కొత్తవాళ్లకి ఇచ్చింది. అంటే పాత ఐడీని రికవరీగా వదిలేసినవాళ్ల రీసెట్ లింకులు ఎవరో కొత్త మనిషికి చేరే అవకాశం ఏర్పడింది. వాడటం మానేసిన ఫోన్ నంబరుకీ ఇదే గతి, కంపెనీలు కొన్నాళ్లాగి దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తాయి.

రహస్య ప్రశ్నలు ఇంకా అడిగే సేవలుంటే నిజం జవాబు ఇవ్వకండి. 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సారా పేలిన్ యాహూ ఖాతాని ఓ విద్యార్థి తెరిచింది ఆ ప్రశ్నలతోనే. ఆమె పుట్టినరోజు, పిన్‌కోడ్, భర్తని ఎక్కడ కలిసిందన్నవి ఇంటర్నెట్‌లో వెతికితే దొరికాయి. జవాబు గడిలో అర్థంపర్థం లేని అక్షరాలు కొట్టి, వాటిని పాస్‌వర్డ్ మేనేజర్‌లో (పాస్‌వర్డ్‌లన్నీ ఒకచోట దాచిపెట్టే యాప్‌లో) దాచుకోండి.

పాస్‌వర్డ్ మేనేజర్ ఏది అన్న చర్చ ఎక్కువ అక్కర్లేదు. బ్రౌజర్‌లో ఉన్నదైనా, బిట్‌వార్డెన్ అయినా, వన్‌పాస్‌వర్డ్ అయినా, ఫైలు తన దగ్గరే ఉండాలనుకునేవాళ్లకి కీపాస్ఎక్స్‌సీ అయినా, ఏది వాడినా ఒకే పాస్‌వర్డ్ పది చోట్ల వాడటం కన్నా నయం. 2022లో లాస్ట్‌పాస్ నుంచి వినియోగదారుల ఖజానాల కాపీలు దొంగల చేతికి చిక్కాయి. అవి ఎన్‌క్రిప్ట్ అయి, అంటే నేరుగా చదవలేని రూపంలో ఉన్నా, వాటిని తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ బలహీనంగా ఉన్నవాళ్లకి ముప్పు తప్పలేదు. కాబట్టి మేనేజర్ ఏదైనా సరే, ఆ ఒక్క పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి. మేనేజర్ వల్ల ఇంకో లాభం: డొమైన్ సరిపోకపోతే అది పాస్‌వర్డ్ నింపదు. ఎప్పుడూ నింపేది ఇవాళ ఎందుకు నింపలేదా అన్న అనుమానం మీకు రావాలి.

డిలీట్, అన్‌సబ్‌స్క్రైబ్, బ్లాక్, రిపోర్ట్: ఏ బటన్ ఎప్పుడు?

ఇక స్పామ్. ఎక్కువమంది చేసేది డిలీట్. చూసి, విసుక్కుని, తుడిచేస్తారు. ఇది చెత్త అని మీరు ఫిల్టర్‌కి చెప్పినట్టు కాదు కాబట్టి రేపు మళ్లీ వస్తుంది.

మీరు ఎప్పుడో ఏదో కొని, లేదా ఎక్కడో నమోదై, అడ్రస్ ఇచ్చిన సంస్థ నుంచి వస్తున్నవాటికి అన్‌సబ్‌స్క్రైబ్ సరైనది. కాకపోతే మెయిల్ అడుగున సన్న అక్షరాల్లో ఉండే లింకు కన్నా, మెయిల్ యాప్ పైన పంపినవారి పేరు పక్కన చూపించే బటన్ వాడండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ కొత్త నిబంధనలు పెట్టాయి. పెద్ద ఎత్తున (జీమెయిల్ లెక్కలో రోజుకి 5,000కి పైగా) మెయిళ్లు పంపే సంస్థలు తాము ఎవరో సాంకేతికంగా రుజువు చేసుకోవాలి, ప్రచార మెయిళ్లకి ఒక్క నొక్కుతో ఆగిపోయే ఏర్పాటు ఉండాలి, రెండు రోజుల్లో దాన్ని అమలు చేయాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. అంటే వెయ్యి మందికి పంపితే ముగ్గురు ఫిర్యాదు చేసినా వాళ్లకి కష్టమే. మీ ఒక్క నొక్కుకి అంత విలువ ఉంది.

ఎవరో తెలియనివాళ్ల నుంచి వచ్చినదానికి మాత్రం అన్‌సబ్‌స్క్రైబ్ లింకు జోలికి పోవద్దు. ఈ అడ్రస్ వెనక మనిషి ఉన్నాడు, మెయిల్ తెరిచి చదువుతున్నాడు అని మీరే చెప్పినట్టవుతుంది. దానికి రిపోర్ట్ స్పామ్. డబ్బులో వివరాలో లాగే ప్రయత్నమైతే రిపోర్ట్ ఫిషింగ్.

బ్లాక్ అన్నది మనుషుల మీద పనిచేస్తుంది, స్పామ్ మీద కాదు. వేధిస్తున్న ఒక వ్యక్తినో, వదలని ఒక సేల్స్‌మన్‌నో ఆపాలంటే బ్లాక్ చేయండి. స్పామ్ పంపేవాడు ప్రతిసారీ కొత్త అడ్రస్‌తో వస్తాడు. ఇవాళ బ్లాక్ చేసిన అడ్రస్ రేపు వాడికి అవసరమే లేదు.

ఇన్‌బాక్స్ మొత్తం శుభ్రం చేసిపెడతామనే ఉచిత యాప్‌ల విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది. అవి పనిచేయాలంటే మీ మెయిల్ మొత్తం చదివే అనుమతి ఇవ్వాలి. అన్‌రోల్.మీ అనే సేవ ఇలా చందాదారుల ఇన్‌బాక్స్‌లలోని కొనుగోలు రసీదుల సమాచారాన్ని మాతృసంస్థకి అందించిందనీ, మెయిళ్లు ఎంతవరకు చూస్తామన్న దానిపై జనాన్ని తప్పుదోవ పట్టించిందనీ అమెరికాలో వినియోగదారుల హక్కులు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లో ఆరోపించింది. చెత్త ఎత్తించుకోవడానికి ఇంటి తాళాలు ఇచ్చేసినట్టే ఇది. మెయిల్ సేవలో ఉన్న సదుపాయాలే చాలు.

అడ్రస్ దాచుకునే దారులు

స్పామ్ నిజంగా తగ్గేది ఇక్కడ. వచ్చినదాన్ని వడకట్టడం కన్నా, అడ్రస్ చేతులు మారకుండా చూసుకోవడం మేలు.

అన్నిటికన్నా తేలికైనది ప్లస్ గుర్తు. మీ పేరు తర్వాత ‘+బూట్లు’ అని చేర్చి ఆ అడ్రస్ ఒక సైట్‌కి ఇస్తే, మెయిల్ మీ మామూలు ఇన్‌బాక్స్‌కే వస్తుంది. జీమెయిల్, అవుట్‌లుక్, ఐక్లౌడ్, ప్రోటాన్ అన్నిట్లోనూ ఇది నడుస్తుంది. రేపు ఆ ‘+బూట్లు’ అడ్రస్‌కి లాటరీ మెయిల్ వస్తే ఎవరు లీక్ చేశారో తెలిసిపోతుంది, దానికొక్కదానికే ఫిల్టర్ పెట్టేయొచ్చు. అయితే ప్లస్ తీసేస్తే అసలు అడ్రస్ ఎవరికైనా కనిపిస్తుంది. చాలా ఫారాలు ప్లస్ గుర్తుని ఒప్పుకోవు కూడా. ఇది లెక్కలు సర్దుకోవడానికి పనికొస్తుంది గానీ దాచుకోవడానికి కాదు.

రెండో ఖాతా తెరుచుకోవడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచిదే. షాపింగ్, కూపన్లు, ఒక్కసారి చూసి వదిలేసే సైట్లు అన్నీ దానికి. మర్చిపోకూడనిది, ఆ ఖాతాకీ రెండో అంచె పెట్టాలి. మీ ఆర్డర్లు, ఇంటి చిరునామా, సేవ్ చేసిన కార్డులున్న సైట్ల రీసెట్ లింకులు అందులోకే వస్తాయి. రెండేళ్లు ముట్టుకోని వ్యక్తిగత ఖాతాలని తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. అప్పుడప్పుడూ తెరిచి చూడండి.

ప్రతి సైట్‌కీ ఒక మారు అడ్రస్ పుట్టించే సేవలు నాకు బాగా నచ్చినవి. సైట్ దగ్గర ఉండేది అర్థం లేని ఒక అడ్రస్, మెయిల్ మాత్రం మీ అసలు ఇన్‌బాక్స్‌కి వస్తుంది. చెత్త మొదలైతే ఆ ఒక్క మారు అడ్రస్‌ని ఆపేస్తారు, మిగతావి నడుస్తూనే ఉంటాయి. ఆపిల్ పరికరాలే వాడేవాళ్లకి ఐక్లౌడ్ ప్లస్‌లోని హైడ్ మై ఈమెయిల్ అన్నిటికన్నా సుఖం, ఫారం నింపుతుంటే అదే అడుగుతుంది. డబ్బు పెట్టకుండా కావాలంటే డక్‌డక్‌గో ఇచ్చేది చూడండి, మీరు మెయిల్ తెరిచారా అని కనిపెట్టడానికి అందులో దాచే ట్రాకర్లని కూడా తీసేసి పంపుతుంది. ఫైర్‌ఫాక్స్ రిలేలో ఉచితంగా ఐదు అడ్రస్‌లే, రుచి చూడటానికి సరిపోతాయి. 2022లో ప్రోటాన్‌లో భాగమైన సింపుల్‌లాగిన్ ఓపెన్ సోర్స్, మారు అడ్రస్ నుంచే జవాబు పంపొచ్చు, పది వరకు ఉచితం. ఎక్కువ వాడేవాళ్లకి నేను చెప్పేది ఇదే.

వీటి లోపాలూ తెలిసి ఉండాలి. ఆ సేవ మూతపడితే మీ మారు అడ్రస్‌లన్నీ మూగబోతాయి. మెయిల్ దారిలో దాని సర్వర్ గుండా పోతుంది కాబట్టి దాన్ని నమ్మాలి. కొన్ని సైట్లు ఈ డొమైన్లని గుర్తుపట్టి వద్దంటాయి. అందుకే బ్యాంకు, పన్నులు, ఆస్పత్రి, ప్రభుత్వ సేవలకి మారు అడ్రస్ వద్దు. వాటికి ఇంకెవరికీ ఇవ్వని, అచ్చమైన అడ్రస్ ఒకటి పెట్టుకోండి. దానికి స్పామ్ వస్తే ఎక్కడో ఏదో జరిగిందని అప్పుడే తెలుస్తుంది.

కాసేపుండి మాయమయ్యే అడ్రస్ ఇచ్చే పది నిమిషాల మెయిల్ లాంటివి ఒక్కసారికే. వాటిలో కొన్నిటి ఇన్‌బాక్స్‌ని అడ్రస్ తెలిసిన ఎవరైనా తెరవొచ్చు. రేపు మళ్లీ లాగిన్ కావాల్సిన దేనికీ వాడకండి.

సొంత డొమైన్ ఓపిక ఉన్నవాళ్లది. మెయిల్ సేవ నచ్చకపోతే అడ్రస్ మార్చకుండానే వేరే సేవకి మారిపోవచ్చు, ఈ స్వేచ్ఛ ఇంకే పద్ధతిలోనూ లేదు. కానీ రెన్యువల్ మర్చిపోయారంటే ఆ డొమైన్ కొనుక్కున్నవాడికి మీ రీసెట్ లింకులన్నీ పోతాయి. ఆ డొమైన్ మీద ఏ పేరుకి వచ్చినా అందుకునే ఏర్పాటు పెడితే, నోటికొచ్చిన పేర్లతో పంపే స్పామ్ అంతా లోపలికొస్తుంది.

జీమెయిల్‌లోనే ఉండాలా, ప్రోటాన్‌కి మారాలా?

స్పామ్ వడపోతలో పెద్ద సేవలదే పైచేయి. కోట్ల మంది మెయిళ్లు చూస్తాయి కాబట్టి కొత్త మోసం ఒకచోట కనపడగానే మిగతావాళ్లందరికీ అడ్డుకట్ట పడుతుంది. స్పామ్, ఫిషింగ్, మాల్వేర్లలో 99.9 శాతానికి పైగా ఆపుతామని గూగుల్ చెబుతుంది. ప్రకటనల కోసం జీమెయిల్ ఉత్తరాలు చదవడం ఆపేస్తున్నట్టు 2017లో ప్రకటించింది. అయినా సర్వర్‌లో ఉన్నవి కంపెనీ చదవగలిగే రూపంలోనే ఉంటాయి.

స్విట్జర్లాండ్‌కి చెందిన ప్రోటాన్, జర్మనీకి చెందిన టూటా దాచిన మెయిళ్లని తాము కూడా చదవలేనట్టు బిగిస్తాయి. దీన్ని జనం కాస్త ఎక్కువగా ఊహించుకుంటారు. మీరు ప్రోటాన్‌లో ఉండి, అవతలివాళ్లు జీమెయిల్‌లో ఉంటే, ఆ ఉత్తరం కాపీ జీమెయిల్‌లో మామూలుగానే ఉంటుంది. పూర్తి రహస్యం రెండు వైపులా అదే సేవ ఉన్నప్పుడే, లేదా పాస్‌వర్డ్ పెట్టి పంపినప్పుడే. ప్రోటాన్‌లో సబ్జెక్ట్ లైన్‌కి ఆ రక్షణ లేదు, టూటాలో ఉంది. స్విస్ చట్టం ఆదేశిస్తే ప్రోటాన్ ఐపీ వివరాలు (ఏ నెట్ కనెక్షన్ నుంచి లాగిన్ అయ్యారో చెప్పేవి) ఇవ్వక తప్పలేదని 2021లో ఒక ఫ్రెంచ్ ఉద్యమకారుడి విషయంలో తేలింది. పాస్‌వర్డ్ మర్చిపోయి, రికవరీ పదాలు కూడా దాచుకోకపోతే పాత మెయిళ్లు మళ్లీ చదవలేరు. దాచుకునే క్రమశిక్షణ లేనివాళ్లకి ఇది పెద్ద దెబ్బ.

ప్రకటనల కంపెనీ చేతిలో ఉత్తరాలుండటం ఇష్టం లేనివాళ్లకి ప్రోటాన్ మంచి ఎంపిక. స్పామ్ భరించలేక మారాలనుకునేవాళ్లకి మాత్రం వద్దంటాను. కొత్త చోట ప్రశాంతంగా ఉండేది అడ్రస్ కొత్తది కాబట్టి. పాత అలవాట్లతో దాన్నీ అన్ని ఫారాల్లోనూ ఇస్తే మళ్లీ మొదటికే వస్తారు.

అనుమానం వచ్చిన మెయిల్‌ని దగ్గరగా చూడటం

1982లో ఈమెయిల్ పంపే ఎస్ఎంటీపీ నియమాలు రాసినప్పుడు ‘పంపింది ఫలానా’ అని రాసిందాన్ని తనిఖీ చేసే ఏర్పాటే లేదు. ఎవరి పేరుతోనైనా ఎవరైనా పంపగలిగేవారు. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు తనిఖీలు చాలా తర్వాత చేరాయి. ఈ సర్వర్‌కి ఆ డొమైన్ తరఫున పంపే హక్కుందా, దారిలో ఉత్తరం మారకుండా వచ్చిందా, పంపినవారి అడ్రస్‌లో కనిపించే డొమైన్‌కీ ఆ తనిఖీలకీ పొంతన ఉందా అన్నవి అవి చూస్తాయి.

కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మెయిల్ కుడివైపు మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ ఎంచుకోండి. పైన చిన్న పట్టికలో ఈ మూడిటి ఎదురుగా పాస్ అనో ఫెయిల్ అనో ఉంటుంది. మీ బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్‌కి డీమార్క్ ఫెయిల్ అని ఉంటే దాన్ని నమ్మకండి. పాస్ అని ఉంటే మాత్రం అప్పుడే నిశ్చింత పడకండి. పాస్ అంటే ఆ డొమైన్ నుంచే వచ్చిందని అర్థం, ఆ డొమైన్ మంచివాళ్లదని కాదు. మోసగాడు కూడా డొమైన్ కొని మూడూ సక్రమంగా పెట్టుకోగలడు.

అందుకే డొమైన్‌ని కుడి నుంచి ఎడమకి చదవాలి. ‘మీబ్యాంకు.కామ్.ఖాతా-తనిఖీ.నెట్’ అని ఉంటే యజమాని మీ బ్యాంకు కాదు, ‘ఖాతా-తనిఖీ.నెట్’. ముందున్నదంతా అలంకారం. ఫోన్‌లో అయితే పంపినవారి పేరు మాత్రమే కనిపిస్తుంది, అడ్రస్ చూడాలంటే పేరు మీద నొక్కాలి. డబ్బు, పాస్‌వర్డ్, తొందర, ఈ మూడిట్లో ఏ రెండు కలిసొచ్చినా లింకు నొక్కకుండా, ఆ సంస్థ సైట్‌ని మీరే టైప్ చేసి తెరవండి.

ఒక్కసారిగా వందల మెయిళ్లు వచ్చిపడితే

ఉన్నట్టుండి గంటలో వందల కొద్దీ న్యూస్‌లెటర్లు, ‘నమోదైనందుకు ధన్యవాదాలు’ మెయిళ్లు మొదలైతే అది మామూలు స్పామ్ కాదు. మీ అడ్రస్‌ని ఎవరో యంత్రంతో వందల సైట్లలో నమోదు చేయించారు. ఆ గుట్ట కింద ఒక మెయిల్ దాక్కుని ఉంటుంది, మీ ఖాతాలోంచి ఎవరో ఏదో కొన్నట్టో, డబ్బు పంపినట్టో, పాస్‌వర్డ్ మార్చినట్టో. అది మీ కంట పడకూడదనే ఈ వరద. ఇలాంటప్పుడు అన్నీ ఎంచి డిలీట్ కొట్టడం చేయకూడని పని. సెర్చ్‌లో మీ బ్యాంకు పేరు, మీరు వాడే షాపింగ్ సైట్ల పేర్లు, ‘ఆర్డర్’, ‘పేమెంట్’, ‘పాస్‌వర్డ్’ అన్న మాటలు ఒక్కొక్కటిగా ఇంగ్లిష్‌లో కొట్టి చూడండి. బ్యాంకు యాప్ విడిగా తెరిచి లావాదేవీలు చూడండి. వరద కొన్ని రోజుల్లో దానంతటదే తగ్గుతుంది.

ఖాతాలోకి ఎవరో వచ్చారని తేలితే పాస్‌వర్డ్ మార్చి ఊరుకునేవాళ్లే ఎక్కువ. అది సగం పనే. ముందు అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయండి, తర్వాత పాస్‌వర్డ్, రెండో అంచె. ఆపైన సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ తెరిచి, మీకు తెలియని అడ్రస్ ఏదైనా ఉందేమో చూడండి. ఫిల్టర్లు కూడా ఒక్కొక్కటీ చదవండి. ‘బ్యాంకు నుంచి వచ్చేవన్నీ నేరుగా ట్రాష్‌కి’ అని దొంగ రాసిపెట్టిన నియమం పాస్‌వర్డ్ మారినా పనిచేస్తూనే ఉంటుంది. రికవరీ నంబరు, రికవరీ మెయిల్ మీవేనా, మీకు తెలియని పాస్‌కీ ఏదైనా చేరిందా, మెయిల్ చదివే అనుమతి ఏ యాప్‌లకి ఉంది అన్నవీ చూడాలి. చివరిగా ట్రాష్‌లోనూ, పంపిన మెయిళ్లలోనూ వెతకండి. దొంగ తుడిచేయడం మర్చిపోయిన రీసెట్ మెయిల్ ఒక్కటి దొరికినా, తర్వాత ఏ ఖాతా దగ్గరికి పరిగెత్తాలో దాన్ని బట్టి తెలుస్తుంది.